టువ్వాల కింద బ్లూస్

ముందే చెప్పుకుంటే దోషం లేదంటారు కాబట్టి చెప్పేస్తున్నాను: నేను పెంచి చెబుతాను. ఆదోనిలో ఒక పత్తి మండీలో గుమాస్తాను. తడి పత్తి వస్తే తేమకింత అని తరుగు తీసి తూకం కట్టడం మాకు మామూలు. నా మాటలకు కూడా పాఠకులు అదే పద్ధతి పాటించాలని మనవి. మా ఆవిడ పెళ్ళయిన వారం నుంచీ పాటిస్తోంది. బయట కుండపోత వాన అని నేను చెబితే ఆమె గొడుగు తీయదు, కిటికీలోంచి అరచెయ్యి పెట్టి చూస్తుంది.

నాకున్న చెడు అలవాటు ఒక్కటే. చిన్న గదుల్లో పెద్ద చప్పుడు వినడం. గిటారు కరెంటులో పెట్టి, డ్రమ్ము పగిలిపోయేలా కొట్టి, గొంతు చిరిగేలా పాడే పాటలు. ఏడుపు నెమ్మదిగా సాగితే బ్లూస్, కోపం తొందర పడితే పంక్, రెండూ కలిసి జుట్టు విరబోసుకుంటే రాక్. ఇంతకు మించి నాకు శాస్త్రం తెలియదు. పట్నాల్లో వీటిని గిగ్‌లు అంటారట. మా వైపు ప్రోగ్రాం అంటారు. పెళ్ళికీ, పీర్ల పండుగకూ, పార్టీ మీటింగుకూ, దీనికీ అన్నిటికీ అదే మాట.

ఈ రోగం నాకు బెంగళూరులో తగులుకుంది. మండీ పని మీద పోయి, వాన తప్పించుకోవడానికి ఒక మెట్లదారిలో దూరాను. ఆ మెట్లు పాతాళానికి పోయాయి. అడుగున ఒక గది. అందులో బెంగళూరు జనాభా మొత్తం ఉంది. ఎంత ఇరుకంటే నేను చొక్కా గుండీ సర్దుకోబోయి నా ముందున్న అబ్బాయి చొక్కాకు పెట్టాను, అతను కూడా ఏమనుకోలేదు. వాన ఆగిపోయి ఉంటుంది, బయటపడదామని వెనక్కి తిరగబోయాను. తిరగడానికి స్థలం లేదు. ఒక స్తంభానికీ ఒక స్పీకరుకూ నడుమ నన్ను మూట కట్టేశారు. మొదటి పాటకు నా పళ్ళు కదిలాయి. రెండో పాటకు చిన్నప్పుడు మింగిన గోళీ ఒకటి కడుపులో దొర్లింది. ఆఖరి పాటకు జనం పల్చబడి, దారి దొరికి, పొమ్మన్నా నేను పోలేదు.

తెల్లవారి రైలు దిగి చూస్తే ఆదోని ఇరుకైపోయింది. కోటకొండ అలాగే ఉంది, బజారు అలాగే ఉంది, కానీ ఎవరో రాత్రికి రాత్రి ఊరిని రెండు అంగుళాలు లోపలికి కుట్టేశారు. ఇంటి నుంచి మండీకి, మండీ నుంచి ఇంటికి. గానుగెద్దుకైనా కళ్ళకు గంతలు కడతారు, తిరుగుతున్నది ఒక్కచోటేనని దానికి తెలియకుండా. నాకు ఆ సౌకర్యం కూడా లేదు.

అలాంటి రోజుల్లో మా మండీలో మోటరు కాలిపోయింది. దాన్ని బండి మీద వేసుకుని ఎమ్మిగనూరులో ఒక వైండింగ్ షాపుకు పోయాను. మా ప్రాంతంలో ఎండాకాలం వస్తే బోర్లు ఎండుతాయి, బోర్లు ఎండితే మోటర్లు కాలుతాయి, మోటర్లు కాలితే ఆ షాపులో దీపావళి. ఆస్పరి నుంచి, కౌతాళం నుంచి, నాలుగు దిక్కుల నుంచి వచ్చిన మోటర్లు గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ గుట్టల మధ్య, గోడకు రాగితీగ చుట్టల పక్కన, ఒక ఎర్ర గిటారు వేలాడుతోంది. మోటరు కన్నా ముందు దాని సంగతి అడిగాను. షాపాయన నలభైకి దగ్గరలో ఉన్న మనిషి, వేళ్ళకు వార్నీషు మరకలు. నన్ను కిందికీ పైకీ చూసి, "ఇంటావా అన్నా? ఇన్నాక బాగుందని మాత్రం సెప్పాల్సిన పనిల్యా" అన్నాడు. షట్టరు సగం దించి వాయించాడు. ఆ రోజు నుంచి నేను అతని పాటకు వెట్టివాణ్ణి.

గిటారూ గొంతూ అతనివే. గాయకుడైన అతనితో కలిసి ముగ్గురు. బేస్ గిటారు వాయించేవాడు మగ్గం నేసే ఇంటివాడు. డ్రమ్ము కొట్టేవాడు పీర్ల పండక్కి తప్పెట కొట్టేవాడు. ఈ ముగ్గురూ ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ వాయించని గది లేదు, వాళ్ళను గెంటేయని గది కూడా లేదు. వ్యాయామశాల మేడ మీద వాయిస్తే కింద బరువులెత్తేవాళ్ళు లెక్క తప్పి కండరాలు ఒకవైపే పెరిగాయన్నారు. పెళ్ళిమంటపం భోజనాల హాల్లో వాయిస్తే వంటమాస్టరు వచ్చి, చప్పుడుకు పెరుగు తోడుకోవడం లేదని దండం పెట్టాడు. మగ్గాల షెడ్డులో వాయించినప్పుడు అయితే, నేతగాళ్ళ కాళ్ళు పాటతో పాటు ఆడి, ఒక చీర అంచు గీతలు పోవలసినచోట మెలికలు పోయింది. ఆ చీర ఎవరో ఇష్టపడి కొనుక్కున్నారు కూడా, కానీ షెడ్డు మాత్రం మళ్ళీ ఇవ్వలేదు.

ఆఖరికి మిగిలింది ఆదోనిలో సేటు గోడౌను. సేటు పెద్దాయన. మండీ అంతటికీ పెద్దదిక్కు లాంటి పత్తి వ్యాపారి. నేను అడిగితే, పత్తి లేని నెలల్లో ఖాళీయే కదా అని తాళం చెవి ఇచ్చాడు. ఒక్కసారి వచ్చి వినలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ గోడౌనులో మేము బతికాం. వెనక గోడలో పైన ఒక వెంటిలేటరు ఉంది. దాని కింద నిలబడితే ప్రపంచంలో ఉన్న గాలి అంతా వరుస కట్టి వచ్చి ముక్కులో దూరేది. అది నా స్థలం. వినేవాళ్ళు పదిమందికి తక్కువైతే నేను వందమంది అని చెప్పేవాణ్ణి, పదిమందికి పైనైతే లెక్కపెట్టడం మానేసేవాణ్ణి.

తర్వాత కొత్త పత్తి దిగుమతి మొదలైంది. సేటు కబురు పంపాడు. పత్తి ఉన్నచోట వైర్లు కూడదు, ఇంక చాలించుకోండి అని. తప్పు పట్టలేం. ఒక్క నిప్పురవ్వ చాలు, ఊరికంతా పొద్దు పొడుస్తుంది. నేను ఈ మాట ఫోన్లో గాయకుడికి చెప్పాను.

"అన్నా, ఇది పోతే ఇంగ యాడుందప్పా మనకు గది? మా బామ్మర్ది కాసుకోని ఉండాడు. పాటలకు జాగా ల్యాకపోతే స్పీకర్లు, యాంపు అంతా తన డీజే బండికి ఎక్కిస్తానని మాట తీసుకున్యాడు. నేను కూడా ఎక్కాల. పెండ్లి ఊరేగింపులో బటన్లు నొక్కుకుంటా పోతాండేదే ఇంగ నా బతుకు."

"గిటారు?"

"బండి ముందర కడతాడంట. దిష్టికి."

అందుకే సేటు దగ్గరికి పోయాను. ఒక్కసారి వచ్చి విని, ఆ తర్వాత కాదంటే కాదనండి, మీ మాట మీద మాట ఉండదు అన్నాను. ముందరి వైపు తూకం షెడ్డులో పత్తి నిలవ ఉండదు కదా, అదైనా అన్నాను. సేటు చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"ఇంటా. ఇన్నాక సెప్తా."

ఆ ఆదివారం ఆదోనిలో ఎండ నిలబడి కాయలేదు, కూర్చుని కాసింది. కొత్త పత్తి ఇంకా దిగని మా గోడౌను రేకులు పెనంలా కాగుతున్నాయి. చప్పుడు వీధిలోకి పోతే పక్క గోడౌను వాళ్ళు గొడవకు వస్తారని ఎప్పుడూ షట్టరు మూసే వాయించేవాళ్ళం. అది బయటి నుంచి మాత్రమే ఎత్తే షట్టరు. వాచ్‌మన్ దించేసి, "పాట నిల్సినాక ఎత్తుతాలే" అని ఎదురు టీ కొట్టుకు పోయాడు. ఎప్పుడూ ఉన్న ఏర్పాటే. పాట ఆగితే అతనికి వినిపిస్తుంది, వచ్చి ఎత్తుతాడు. గాయకుడి బామ్మర్ది కూడా బయటే ఉన్నాడు. బండి వెనక్కి తిప్పి, తాడు భుజాన వేసుకుని, సేటు 'కాదు' అన్న మాట కోసం.

లోపల సేటుకు ముందు వరసలో ఒక కుర్చీ వేశాం. నేను వెంటిలేటరు కిందికి పోబోతుంటే సేటు తన పక్క కుర్చీని అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"ఈడ కుర్సో. నిలబడి ఇంటే దొంగ ఇన్నట్లుంటాది."

కూర్చున్నాను. స్పీకరు నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. మొదటి పాట నెమ్మదైన బ్లూస్. సేటు కళ్ళు మూసుకుని రెండు చరణాలు విన్నాడు. తర్వాత నా చెవిలో ఏదో అన్నాడు. వినపడలేదు. మళ్ళీ అన్నాడు. నోరు కదలడం తప్ప ఏమీ అందలేదు. అప్పుడాయన భుజం మీది టువ్వాల తీసి, నా కుడిచేతి మీద కప్పి, దాని కింద తన చెయ్యి దూర్చాడు.

తెలియనివాళ్ళకు చెప్పాలి. మా వైపు ఎద్దుల సంతల్లో బేరం నోటితో చెయ్యరు. చుట్టూ వందమంది ఉంటారు, ధర అందరికీ తెలియకూడదు. అందుకని కొనేవాడూ అమ్మేవాడూ టువ్వాల కింద చేతులు కలిపి వేళ్ళు పట్టుకుంటారు. పట్టుకున్న వేళ్ళు ఎన్నో అంత. పిడికిలి మూస్తే లేదని. మణికట్టు నొక్కితే ఖాయమని. బేరం తెగకముందే చెయ్యి వెనక్కి లాక్కున్నవాడు బేరం చెడగొట్టినట్టు. ఆ సంగతి మళ్ళీ ఎత్తకూడదు. సేటు పత్తిలోకి రాకముందు ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల దళారీ. నాకు మా నాయన నేర్పాడు. చాలా ఏళ్ళయింది ఈ పని చేసి.

సేటు మొదట పిడికిలి మూశాడు. వద్దు, ఒక్క ఆదివారం కూడా లేదు అని. నేను ఆయన పిడికిలి విప్పి నాలుగు వేళ్ళూ పట్టుకున్నాను. నెలకు నాలుగు ఆదివారాలూ కావాలని. ఆయన మళ్ళీ పిడికిలి మూశాడు. నేను మళ్ళీ విప్పాను. ఆయన పట్టు గురించి చెప్పాలి. అది చెయ్యి కాదు, పత్తి బేళ్ళకు బిగించే ఇనుప పట్టీ. నా అరచేతిలో గీతలు చెరిగి కొత్త జాతకం పడింది. ఇక కుర్చీలోంచి లేవలేను, వెంటిలేటరు దగ్గరికి పోలేను, చెమట కూడా తుడుచుకోలేను. తుడుచుకునే చెయ్యి ఆయన దగ్గర ఉంది.

అంతవరకూ బాగానే నడిచింది. బేరం నిదానం మీద ఉంది, పాట కూడా నిదానం మీద ఉంది. రెండో పాట పంక్. డ్రమ్ము అతను పీర్లు నిప్పుల గుండం తొక్కుతున్నట్టు మొదలుపెట్టాడు.

ఇక్కడ నా రోగం బయటపడింది. పాట వింటే నా వేళ్ళు ఊరుకోవు. మండీలో బల్ల మీద, బస్సులో ముందు సీటు మీద, నిద్రలో మా ఆవిడ వీపు మీద తాళం వేస్తూనే ఉంటాయి. ఇప్పుడవి సేటు అరచేతిలో ఉన్నాయి. నాకు తెలియకుండానే రెండు, నాలుగు, ఒకటి, మూడు, మళ్ళీ నాలుగు, ఒక దెబ్బకు అయిదు. నెలకు అయిదు ఆదివారాలు అడిగినవాళ్ళలో మా జిల్లాలో నేనే మొదటివాణ్ణి అయ్యుంటాను. సేటు కళ్ళు తెరిచాడు. జీవితంలో ఎంతోమంది బేరగాళ్ళను చూసిన మనిషి, ఊపిరికొక ధర మార్చేవాణ్ణి మాత్రం చూడలేదు. ఆయన ఒకటి పట్టుకునేసరికి నేను మూడులో ఉన్నాను. ఆయన పిడికిలి మూసేసరికి దాని మీదే డ్రమ్ము వాయించాను.

పాటకూ పాటకూ నడుమ గుక్కెడు సందులో నా చెవి దగ్గరికి వంగాడు.

"ఏమప్పా, ఎవురు నేర్పినారు నీకు బేరం?"

"మా నాయన, సేట్ సాబ్."

"మీ నాయన ఇంత యెర్రిగా సేసేటోడు కాదే."

ఇంతలో మూడో పాట మీద పడింది.

స్టేజీ మీద నుంచి గాయకుడు టువ్వాల చూశాడు. ఎమ్మిగనూరు మనిషికి కదిలే టువ్వాల అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. బేరం నడుస్తోంది, బేరం తెగలేదు. పాట ఆపితే వాచ్‌మన్ షట్టరు ఎత్తుతాడు. ఎత్తితే సేటు లేస్తాడు, టువ్వాల భుజానికి పోతుంది, బామ్మర్ది తాడు లోపలికి వస్తుంది. అందుకని అతను పాట ఆపలేదు. పాట ఆగదు కాబట్టి నా వేళ్ళు ఆగవు. నా వేళ్ళు ఆగవు కాబట్టి బేరం తెగదు. బేరం తెగదు కాబట్టి పాట ఆగదు. మేమందరం ఆ గోడౌనులో ఒకరి తాళం చెవి ఇంకొకరి జేబులో వేసుకుని ఇరుక్కుపోయాం.

వాళ్ళకు వచ్చిన పాటలు అయిపోయాయి. మళ్ళీ మొదటి పాట ఎత్తుకున్నారు. వినేవాళ్ళలో ఒకాయన వెనక నుంచి, "ఇది ఇంతకు ముందే అయిపాయ గదప్పా" అన్నాడు. పక్కాయన అతన్ని మోచేత్తో పొడిచి, "ఊరుకో, క్యాసెట్టు తిప్పినారు" అన్నాడు. ఎవరూ బయటికి పోలేరు. రేకుల వేడికి బేస్ వాయించేవాడి చొక్కా నుంచి ఆవిరి లేస్తోంది. డ్రమ్ము అతని చెమట డ్రమ్ము మీద పడి, కొట్టినప్పుడల్లా తుంపరలు ముందు వరసకు వస్తున్నాయి. ఎక్కడెక్కడో మిగిలిన దూది రేణువులు లేచి మా కనుబొమల మీద వాలాయి. అందరం ఒక్క మధ్యాహ్నంలో ముసలివాళ్ళమైపోయాం. నేను వెంటిలేటరు వైపు చూశాను. నా స్థలంలో ఎవరో నిలబడి హాయిగా గాలి పీలుస్తున్నాడు. ఆ మనిషిని ఇప్పటికీ క్షమించలేదు.

నేను వేళ్ళను ఆపాలని చూడకపోలేదు. కాలి బొటనవేలు మీద కాలు వేసి తొక్కుకున్నాను. వడ్డీ లెక్కలు తలచుకున్నాను. మా ఆవిడ ముఖం గుర్తుకు తెచ్చుకున్నాను. దానికి మాత్రం క్షణకాలం ఆగాయి, తర్వాత తాళం ఇంకా గట్టిపడింది. సేటు ముఖంలో ఇప్పుడు విసుగు లేదు. కళ్ళు చిట్లించి, ముందుకు వంగి, జాతరలో కోడె పళ్ళు చూసేవాడిలా నా వేళ్ళను ఒక్కొక్కటీ పట్టి చూస్తున్నాడు. నెలకు ఒకటి అన్నట్టు ఒక వేలు పట్టుకున్నాడు. పిడికిలి నుంచి ఒకటికి వచ్చాడు. నేను అక్కడ ఆగి రెండు అడగాలి, లేదా ఖాయం చేసుకోవాలి. కానీ డ్రమ్ము ఊరుకోలేదు, నా వేళ్ళు నాలుగుకు పోయాయి. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ పిడికిలి మూశాడు. చేతికి వచ్చిన ఆదివారాన్ని చేతులారా తోసేశాను.

అప్పుడు గాయకుడు నా మోకాళ్ళ వైపు చూడడం గమనించాను. అవి కూడా ఆడుతున్నాయి. అతని చూపు మోకాళ్ళ మీది నుంచి టువ్వాల మీదికి, టువ్వాల మీది నుంచి నా ముఖం మీదికి వచ్చింది. సంగతి అర్థమైంది అతనికి. ఆ చూపులో నాకు ఎమ్మిగనూరు తిట్లు అన్నీ వరసగా వినిపించాయి.

అతను పాట ఆపలేదు. చెయ్యెత్తి డ్రమ్మును ఆపాడు. తర్వాత బేస్‌ను. తర్వాత గిటారు తీగల మీద అరచెయ్యి పెట్టేశాడు. మైకు దగ్గరికి వచ్చి ఒట్టి గొంతుతో అందుకున్నాడు. అంతకు ముందు నేను వినని పాట. తాళం లేదు. ఎక్కడ ఆగుతాడో ఎక్కడ సాగదీస్తాడో తెలియదు.

"బోరు ఎండిపాయ, మోటరు కాలిపాయ,
తీగ సుట్టీ సుట్టీ వేళ్ళు నల్లబడిపాయ.
నీళ్ళు ల్యాని బాయికాడ నిలబడినానప్పా,
పొమ్మనేటోడు ల్యాడు, రమ్మనేటోడు ల్యాడు."

నా వేళ్ళకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. అవి సేటు అరచేతిలో వెల్లకిలా పడుకున్నాయి. ఆయన చెయ్యి కూడా కదల్లేదు. 'పొమ్మనేటోడు' దగ్గర అతని గొంతు జీరపోయింది, దాన్ని దాచడానికి అతను ఏమీ చెయ్యలేదు. బయట బామ్మర్ది బండి హారను ఒకసారి మోగింది. లోపల ఎవరూ తల తిప్పలేదు.

సేటు నా చూపుడువేలు పట్టుకున్నాడు. నేను రెండు పట్టుకున్నాను. ఆయన మళ్ళీ ఒకటి. నేను మరోసారి రెండు పట్టుకుని కొంచెం బతిమాలినట్టు ఊపాను. ఆయన ఒకటి పట్టుకుని, వదలకుండా, ఇంకో రెండు వేళ్ళతో నా మణికట్టు నొక్కాడు.

ఖాయం.

నేను గాయకుడి వైపు ఎడమచేతి వేలు ఒకటి ఎత్తి చూపాను. అతను పాడుతూనే చూశాడు. చరణం ఇంకా అయిపోలేదు, అందుకని ఆపలేదు. చివరిదాకా పాడి, అప్పుడు ఆగాడు. చప్పుడు లేని గోడౌనులో మా అందరి ఊపిరీ వినిపించింది. షట్టరు గరగరలాడుతూ లేచింది. వెలుతురు కాళ్ళ నుంచి మొదలై మోకాళ్ళకు, నడుముకు వచ్చింది. వెలుతురు వెనకనే తాడు వచ్చింది.

"బావా, ఇంగ ఎత్తుదామా? పెండ్లోళ్ళు ఫోన్ మింద ఫోన్ సేస్తాండారు."

"నెలకొగ ఆదివారం దొరికినాది రా. పో."

"నెలకొగటికే ఇంత సంబరమా? మిగతా ఆదివారాలు ఏం సేస్తావు?"

"మోటర్లు కాల్తాయి లే."

బామ్మర్ది ఖాళీ బండిని చూశాడు, భుజం మీది తాడును చూశాడు, నన్ను చూశాడు. వాళ్ళ బావాబామ్మర్దుల బంధుత్వాన్ని నేను చెడగొట్టానని అతను ఈ రోజుకూ నమ్ముతాడు.

సేటు లేచి టువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. గాయకుణ్ణి దగ్గరికి పిలిచాడు.

"తూకం షెడ్డులో సేసుకోండి. వైరు గోడ దాటి పత్తి కాడికి రాగూడదు. బకీట్లతో నీళ్ళు పెట్టుకోవాల."

"పెడతాం సేట్ సాబ్."

"ఇంగొగటి. ఈ నెలకే ఖాయం. మళ్ళా నెలకు మళ్ళా బేరం." నా వైపు చూశాడు. "ఈ బేరగాడు నా పక్కన కుర్సుండాల. వీడు ల్యాకుంటే పాట ల్యా."

"నాతోనే ఎందుకు సేట్ సాబ్? అసలు గాయకుడితోనే..."

"ఇప్పుడంతా కంప్యూటర్ టెండరప్పా. ధర తెర మింద వస్తాది. దాంట్లో సెయ్యి యాడుంది?" అని ఆయన తన అరచెయ్యి చూసుకున్నాడు. "నువ్వు అడ్డదిడ్డంగా సేస్తావు. గానీ సేస్తావు."

ఆ విధంగా వెంటిలేటరు కింద నా స్థలం శాశ్వతంగా పోయింది. పత్తి సీజను అంతా నెలకొక ఆదివారం ముందు వరసలో, స్పీకరుకు జానెడు దూరంలో, కుడిచెయ్యి పరాధీనంగా కూర్చుంటున్నాను. గాయకుడు నా కోసం ప్రోగ్రాం క్రమం మార్చాడు. పంక్ పాటలన్నీ ముందే అయిపోవాలి, అంతవరకు నేను జేబులో చేతులు పెట్టుకుని ఉండాలి, బేరం సమయానికి ఒట్టి గొంతు పాట రావాలి అని. సేటు దానికి ఒప్పుకోలేదు. డ్రమ్ము మొదలవగానే టువ్వాల తీస్తాడు. ఆయనకు నా పిచ్చి బేరమే కావాలి. ఒకసారి రెండు ఆదివారాల దాకా గెలిచాను, ఇంకోసారి డ్రమ్ము దెబ్బకు పిడికిలి పడింది, ఆ నెల బేరం నాటి పాట తప్ప వేరే పాట లేదు. ఆ నెల గాయకుడు నాతో మాట్లాడలేదు. బామ్మర్ది మాత్రం ఫోన్ చేసి బాగున్నావా అన్నా అని అడిగాడు.

మా ఆవిడకు ఒక ఉపాయం తట్టింది.

"పోయేముందు కుడిచేతికి గోరింటాకు పెట్టుకోని పో. చెదిరిపోతాదని అయినా వేళ్ళు కదపవు."

"సేటు చేతికి అంటుకుంటే?"

"పండుతాది లే. ఆయప్పకూ ముచ్చట."

సరే. తేమ తీసే సమయం వచ్చింది. బెంగళూరు గదిలో జనాభా మొత్తం లేరని మీరే తరుగు వేసుకుని ఉంటారు. పెరుగు తోడుకుంది. చీర అంచు మెలికలు నిజం. పాటలు మళ్ళీ మొదటి నుంచి పాడడం, షట్టరు, తాడు, ఒట్టి గొంతు పాట అన్నీ నిజం. గోడౌనులో దూది రేణువులు ఇప్పటికీ ఉన్నాయి, పోయి చూసుకోవచ్చు.

నేను కల్పించినది ఆ ఇనుప పట్టు. సేటు చెయ్యి అసలు బిగించనే లేదు. ముసలి చెయ్యి, గింజ తీసిన పత్తిలా తేలిగ్గా నా చేతి మీద ఆనుకుని ఉంది. పైగా ఆయన రెండుసార్లు తానే చెయ్యి తీశాడు. ఒకసారి కళ్ళద్దాలు తుడుచుకోవడానికి, ఒకసారి మీసం మీది దూది తీసుకోవడానికి. ఆ రెండుసార్లూ బేరం ఆయన వైపు నుంచే చెడినట్టు లెక్క కట్టి నేను లేచిపోవచ్చు, వెంటిలేటరు కిందికి పోయి గాలి పీల్చుకోవచ్చు. ఆ రెండుసార్లూ టువ్వాల కింద చెయ్యి చాపుకుని, ఆయన మళ్ళీ ఎప్పుడు పట్టుకుంటాడా అని కూర్చున్నవాణ్ణి నేనే.